మేడమ్ చేతిలో అల

వాట్సాప్‌లో కార్డు వచ్చింది. పైన 'ప్రభువునందు నిద్రించిన' అని, కింద ఆదరణ కూడిక జరిగే చర్చి, సమయం. మధ్యలో ఆమె ఫొటో. ఆ ఫొటో ఎక్కడిదో నాకు తెలుసు. ఒకప్పుడు మా స్కూలు గేటుకు కట్టిన ఫ్లెక్సీలోది. అసలు ఫొటోలో ఆమె వెనక తెర, తెర మీద మెలికలు తిరుగుతూ పైకెక్కే పసుపు గీత ఉండేవి. చుట్టాలెవరో ఆమెను మాత్రం కత్తిరించి, వెనక నీలాకాశం, పావురం అతికించారు. కత్తిరించడం సరిగ్గా కుదరలేదు. ఎడమ భుజం పక్కన ఇంత పసుపు ముక్క మిగిలిపోయింది. చూసినవాళ్లు పైట అంచో, పూలదండో అనుకుని ఉంటారు. నేను ఆ ముక్కను రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చూస్తూ కూర్చున్నాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

అబిడ్స్‌లో పెద్ద రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో మా స్కూలు. ఆమె పదకొండు, పన్నెండు తరగతులకు లెక్కలు చెప్పేది. నేను తెలుగు. ఇంగ్లీషు మీడియం స్కూల్లో తెలుగు టీచరంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఎవరు సెలవు పెట్టినా వాళ్ల క్లాసులో కూర్చోబెట్టడానికి, పిల్లల్ని బయటికి తీసుకెళ్తే వెంట తోలడానికి పనికొచ్చే మనిషి. అలా తోలబట్టే ఆమె నాకు దగ్గరైంది. నాకంటే బాగా చిన్నది, మెదక్ వైపు నుంచి వచ్చింది. నన్ను అక్కా అనేది.

ఆమె వేలితో మాట్లాడేది. ముందు కుడిచేతి చూపుడు వేలు లేచేది, గాలిలో ఏదో గీసేది, ఆ తర్వాతే నోరు తెరుచుకునేది. ఒకసారి ఇద్దరం ఆటోలో బేగం బజార్ పోతుంటే డ్రైవరు దారి అడిగాడు. "గీడికెళ్లి గిట్ల పోయి, గిట్ల తిరిగి, గిట్ల దిగాలె," అంటూ అతని చెవి పక్కన ఏకంగా ఒక పామును గీసింది. అతను రోడ్డు వదిలేసి ఆ వేలిని చూస్తూ బండిని తోపుడుబండి మీదికి తోలబోయాడు. "మేడమ్, జర చెయ్యి లోపల పెట్టుకోర్రి," అని దణ్ణం పెట్టాడు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక సంత్రా పండు వలిచేది. తొక్కను ఎక్కడా తెగకుండా ఒకే చుట్టుగా తీసి, కొస పట్టుకుని నా మొహం ముందు వేలాడదీసేది.

"పై నుంచి చూడక్కా. ఏం కనిపిస్తున్నది?"

"తొక్క."

"గుండ్రం. ఇప్పుడు పక్కనుంచి చూడు. అల. తొక్క ఒకటే గదా?"

"ఔ, పండు నాకియ్యి," అనేదాన్ని. నాకు పద్యమైతే తలకెక్కుతుంది గాని లెక్క ఎక్కదు. అయినా ఇన్నేళ్లు పక్కన కూర్చున్నందుకు కొంత అంటుకుంది. ఆమెకు గీత ముఖ్యం కాదు, గీతను గీస్తూ పోయే చుక్క ముఖ్యం. ఆ చుక్క ఈ క్షణంలో కుడికెంత, ముందుకెంత, ఎత్తెంత అనేవి మూడు మాటలు. మూడింటికీ కాలమే ఆధారం. కాలం కదిలితే చుక్క కదులుతుంది, చుక్క కదిలితే గీత పుడుతుంది. అందుకే పిల్లలు ఏ గీత గీసినా ఒకటే అడిగేది: "పాయింట్ యాడుంది?" స్టాఫ్‌రూములో నేను ముక్కు చీదుకుంటూ కూర్చున్నా అదే అడిగేది. పాయింట్ యాడుందక్కా ఇప్పుడు, అని. అంటే బాగున్నావా అని.

జనవరిలో నాంపల్లిలో నుమాయిష్, ఆ పెద్ద ఎగ్జిబిషన్, మొదలవగానే ప్రిన్సిపాల్ వెంటపడి అనుమతి తీసుకుని క్లాసును అక్కడికి నడిపించేది. వేరే స్కూళ్ల పిల్లలు జెయింట్ వీల్ ఎక్కి, మిర్చి బజ్జీలు తిని ఇళ్లకు పోతారు. మా పిల్లలు ముందు మౌత్ కా కువా మెట్లెక్కాలి. చెక్కలతో కట్టిన పెద్ద బావి అది. మోటారు సైకిలు అడుగు నుంచి బయలుదేరి గోడ మీద గిర్రున తిరుగుతూ మన కాళ్ల దగ్గరున్న అంచు దాకా వచ్చేస్తుంది. పెట్రోలు వాసన, చెవులు పగిలే మోత, కింద చెక్కల దడదడ. నేను కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకునేదాన్ని. ఆమె బావిలోకి వంగి, వేలు చాపి, బండితో పాటు తిప్పేది.

"టైరు పోయిన గీతను చూడకుర్రి! బండి యాడుందో చూడుర్రి! ఇప్పుడు యాడుంది? ఇప్పుడు?"

రెండో బండి కూడా ఎక్కగానే ఒక పిల్ల గుద్దుకుంటాయని కెవ్వుమంది. ఆమె ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి మోతను మించి అరిచింది. "దారులు కలుస్తయి బిడ్డా, బండ్లు కలవయి. ఒకడు పోయినంక ఇంకొకడు వస్తుండు. గీతను చూసినోనికి గుద్దుకున్నట్టే ఉంటది. పాయింట్‌ను చూడు, భయం పోతది." పక్కన నిలబడ్డ జనం బండ్లను మానేసి ఈమెను చూశారు. టిక్కెట్టు ఒకటే కదా, రెండు ఆటలు దొరికాయి వాళ్లకు.

ఆ బావి దగ్గరే ఒక ఏడు నేను ఆ సంగతి కనిపెట్టాను. బావిలోకి చాచిన ఆమె వేలు వణుకుతోంది. ముందు పట్టించుకోలేదు. అక్కడ వణకనిదేముంది? చెక్కలు, కమ్మీ, నా పళ్లు అన్నీ వణుకుతున్నాయి. ఆట అయిపోయింది, బండి అడుగుకు దిగింది, ఇంజను ఆగింది. చెక్కలు సద్దుమణిగాయి. వేలు ఆగలేదు. ఆమె దాన్ని చూసుకుంది. నేను చూస్తున్నానేమోనని నన్ను చూసింది. గబుక్కున చెయ్యి కొంగులో దాచుకుంది.

"చలి గదక్కా," అంది.

ఆ తర్వాత సంత్రా తొక్క మధ్యలో తెగడం మొదలైంది. కొన్నాళ్లకు సంత్రాలు తేవడమే మానేసింది. అరటిపండ్లు తెచ్చేది. నేనే ఒక రోజు స్టాఫ్‌రూములో ఎవరూ లేనప్పుడు గట్టిగా అడిగాను, ఏమైందే నీకు అని.

"నరాల డాక్టర్ కాడికి పోయినక్కా. పోయేది గాదంట. మందులు ఏస్కుంట ఉండాలంట," అంది. తర్వాత నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో కూడా వణుకు తెలిసింది. "ఎవ్వరికీ చెప్పకు. చెప్తే బోర్డు కాడ నిలబడనియ్యరు. బోర్డు కాడ లేకుంటే నేను ఏంది చెప్పు?"

ఆమె అన్నది ఎంత నిజమో తెలియాలంటే ఆమె సున్నా సంగతి తెలియాలి. చాక్‌పీసు బోర్డుకు ఆనించి, భుజాన్ని ఒక్క ఊపు ఊపితే అచ్చు గుద్దినట్టు వృత్తం పడేది. మొదలెక్కడో, కొస ఎక్కడో కనిపించేది కాదు. స్కూలుకు పెద్దమనుషులెవరు వచ్చినా ప్రిన్సిపాల్ ఆమె క్లాసుకు తీసుకొచ్చి, "మేడమ్, ఒకసారి సర్కిల్ ప్లీజ్," అనేవాడు. ఆమె సిగ్గుపడుతూ గీసేది. అలాంటి చెయ్యి అది.

ఆ వేసవిలో ఆమె ప్రొజెక్టర్ కావాలని అర్జీ పెట్టింది. మూడు వైపులా విస్తరించే గీతలను గీసి, తిప్పి చూపించే ప్రోగ్రాము ఒకటి సెలవులంతా కూర్చుని నేర్చుకుంది. ప్రిన్సిపాల్ మురిసిపోయాడు. డిజిటల్ క్లాస్‌రూమ్ అంటూ ఆమె ఫొటోతో గేటుకు ఫ్లెక్సీ కట్టించాడు. అందరూ ఆమె కాలంతో పాటు మారిందన్నారు. ఆమె మారలేదు, చాక్‌పీసు నుంచి పారిపోయింది. ప్రొజెక్టర్ ఉంటే గది చీకటిగా ఉంటుంది, పిల్లల కళ్లు తెర మీద ఉంటాయి, చెయ్యి ఎవరికీ కనబడదు. ప్లే బటన్ నొక్కితే చాలు, చుక్క తనే బయలుదేరుతుంది.

కానీ ఆ క్లాసు ఎంత బాగుండేదో చెప్పకపోతే పాపం. నాకు పీరియడ్ లేనప్పుడు పోయి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. నల్లటి తెర మీద ఎర్ర చుక్క కదిలేది, దాని వెనక పసుపు గీత మెలికలు తిరుగుతూ లేచేది. ఆమె దాన్ని మెల్లగా వంచి పైనుంచి చూపిస్తే ఒట్టి గుండ్రం. పిల్లలు "హా" అనేవాళ్లు. పక్కకు తిప్పితే అల. మళ్లీ "హా". లెక్కలోని ఒక్కొక్క అక్షరానికి తెర పక్కన ఒక చిన్న గుండీ ఉండేది. దాన్ని అటూ ఇటూ జరిపితే చుట్లు దగ్గరయ్యేవి, దూరమయ్యేవి. బండి ఎక్కే బావి, సంత్రా తొక్క, అంతా అక్కడే ఉంది. చివర్లో అందర్నీ లేపి, "గాలిల గీయుర్రి," అనేది. క్లాసంతా వేళ్లెత్తి, చుక్కతో పాటు గాలిలో మెట్లు చుట్టేది. చూస్తున్నంతసేపు నాకూ లెక్కలు వచ్చినట్టే ఉండేది.

కొన్నేళ్లు అలా నెట్టుకొచ్చింది. తర్వాత మా మేనేజ్‌మెంటు ఒక కోచింగ్ సంస్థతో చేతులు కలిపింది. ప్రొజెక్టర్ గది టెస్ట్ హాలైపోయింది. పాఠం వాళ్ల వీడియోలో వస్తుంది, మా వాళ్లు దాని తర్వాత బోర్డు మీద లెక్కలు చేయించాలి, అంతే. ఆమె పోయి ప్రొజెక్టర్ అడిగింది.

"మీకెందుకు మేడమ్ ప్రొజెక్టర్! మీ సర్కిల్ ముందు ఏ కంప్యూటర్ పనికొస్తది? చాక్‌పీస్ తీసుకోండి, చాలు," అన్నాడట ప్రిన్సిపాల్. పాపం, పొగడ్తే అది. ఆమె స్టాఫ్‌రూముకు వచ్చి ఆ మాట నాకు చెప్పి నవ్వింది. నవ్వు ఎంతకీ ఆగకపోతే నేను లేచి తలుపు మూశాను.

అక్కడి నుంచి రోజూ గండమే. మాత్ర పనిచేసే గంటలో పీరియడ్ పడితే బతికిపోయినట్టు. టైమ్‌టేబుల్ డాక్టరు రాయడు కదా. పిల్లలతోనే బోర్డు మీద గీయించేది, గ్రాఫు కాగితాలు అంటించేది, నోటితో నెట్టుకొచ్చేది. ఆమె గదికీ నా గదికీ మధ్య ప్లైవుడ్ గోడ. ఒక రోజు నేను వ్యాకరణం చెప్తుంటే గోడ అవతల, "నవ్వులాటగుందా మీకు?" అని ఆమె అరుపు వినబడింది. ఆమె పిల్లల మీద కోపంతో అరవడం అంతకుముందు నేను వినలేదు. ఎవడో ఆమె చేతిని వెక్కిరించి ఉంటాడు, వాడి చెంప పగలగొడదామని పరుగున పోయాను.

గదిలో ఎవరూ నవ్వడం లేదు. క్లాసంతా నిలబడి ఉంది. అందరి వేళ్లూ గాలిలో ఉన్నాయి. ఆ వేళ్లన్నీ సన్నగా వణుకుతున్నాయి. మొహాలు చూస్తే పరీక్ష రాస్తున్నంత శ్రద్ధ. బోర్డు మీద ఆమె గీసిన మెలికల గీత ఉంది, దాని ఒళ్లంతా వణుకు.

ముందు వరుసలో బేగం బజార్ నుంచి వచ్చే పిల్ల, బావి దగ్గర కెవ్వుమన్న పిల్ల చెల్లెలే, మెల్లగా అంది. "మీరు గట్లనే గీసిన్రు గద మేడమ్. చేత్తో గూడ గట్లనే చూపిచ్చిన్రు. దాంట్ల సన్న సన్న అలలు ఉంటయేమో అనుకున్నం."

మన పిల్లలకు చిన్నప్పటి నుంచి మనం నేర్పింది ఒక్కటే కదా, బోర్డు మీద ఎట్లా ఉంటే అట్లా దించుకోవడం. వీళ్లూ అదే చేశారు. ఆమె చెయ్యి దించింది. బోర్డు వైపు తిరిగింది.

"ఔ బిడ్డా," అంది. "ఉంటయి."

మళ్లీ చాక్‌పీసు తీసుకుంది. ఆ లెక్కలో ఇంకో ముక్క చేర్చింది, ముందర కే అనే అక్షరం పెట్టింది. కే పెద్దదైతే అల పెద్దదవుతుంది, చిన్నదైతే చిన్నది, సున్నా అయితే అసలే ఉండదు, అని చెప్పింది. పాఠం బాగానే ఉంది. లెక్కగా తప్పు కూడా కాదట. కాని ఆ బోర్డు మీది గీతకు అది సంబంధం లేని లెక్క. తన జన్మలో క్లాసులో చెప్పిన ఒకే ఒక్క అబద్ధం అదేనని సాయంత్రం నాతో అంది.

కోచింగ్ వాళ్లు ప్రతి వారం పరీక్ష పెడతారు. ఆ వారం ఫిజిక్సులో ఒక ప్రశ్న ఇచ్చారు. అయస్కాంతం మధ్య నుంచి మెలికలు తిరుగుతూ పోయే రేణువు దారి, పైనుంచి చూస్తే ఎలా కనిపిస్తుందో బొమ్మ గీయమన్నారు. జవాబు ఒట్టి సున్నా. మా పిల్లలు ఒక్కరు కూడా తప్పకుండా అంచుల నిండా అలలతో సున్నాలు గీశారు. కోచింగ్ సారు ఆ కట్ట తెచ్చి ప్రిన్సిపాల్ బల్ల మీద పడేశాడు.

"సర్కిల్ గీయమంటే సంక్రాంతి సకినాలు చుట్టిన్రు సార్! అందరిదీ ఒకటే తప్పు. మాస్ కాపీయింగ్ కాకపోతే ఏందిది?"

తల్లిదండ్రులను పిలిపించారు. క్లాసునంతా వరండాలో నిలబెట్టారు. ఎవరి దగ్గర చూసి రాశారో చెప్పేదాకా లోపలికి రానిచ్చేది లేదన్నారు. పిల్లలకు ఏం చెప్పాలో తెలియదు, వాళ్లు ఎవరి దగ్గరా చూడలేదు. బేగం బజార్ పిల్ల వాళ్ల నాన్న, దుకాణం వదిలేసి వచ్చాడు, అందరి ముందూ ఆ పిల్ల నెత్తి మీద ఒక్కటి వేశాడు. అప్పుడే ఆమె మెట్లెక్కి వచ్చింది.

"కొట్టకుర్రి," అంది. "ఎవ్వలూ కాపీ కొట్టలే. నా దగ్గర నేర్సుకున్నరు."

పిల్లల్ని లోపలికి తీసుకెళ్లింది. వెనకే ప్రిన్సిపాల్, కోచింగ్ సారు, నేను, గుమ్మంలో తల్లిదండ్రులు. ఆమె బోర్డంతా తుడిచింది. చాక్‌పీసు తీసుకుని, భుజం ఊపి, ఇదివరకు పెద్దమనుషుల ముందు గీసినట్టే ఒక సున్నా గీసింది. మాత్ర వేసుకోలేదని నాకు తర్వాత తెలిసింది, కావాలనే వేసుకోలేదట. చాక్‌పీసు బోర్డు మీద టకటకా కొట్టుకుంది. పడింది సున్నా కాదు, సకినమే.

"సార్ చెప్పిందే కరెక్ట్ బిడ్డా. దారిల అల లేదు," అంది, బోర్డుకు ఆనించిన చేతిని తీయకుండా. "అల నా చేతిల ఉంది. లెక్కల లేదు."

ప్రిన్సిపాల్ చేతిలో పేపర్లు మడిచి చంకలో పెట్టుకున్నాడు. బేగం బజార్ పిల్ల ఏడుస్తూ, ఏం చేయాలో తోచక, వేలెత్తి గాలిలో నున్నటి సున్నా గీసి చూపించింది. ఆమె తలూపింది.

పిల్లలకు మార్కులు కలిపారు. ఆమెకు మెడికల్ లీవు ఇచ్చారు. ఎవరూ కసురుకోలేదు, చెడ్డమాట అనలేదు. ప్రిన్సిపాల్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు కూడా. అయినా ఆమె మళ్లీ బోర్డు దగ్గరికి రాలేదు. గేటుకున్న ఫ్లెక్సీ తీసేసి కోచింగ్ వాళ్ల ర్యాంకుల ఫ్లెక్సీ కట్టారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియదు.

చాదర్‌ఘాట్‌లో వాళ్లన్న ఇంటి మేడ మీద గదిలో ఉండేది. నేను సెలవు రోజుల్లో పోయేదాన్ని, రిటైరయ్యాక ఇంకా ఎక్కువగా పోయాను. సంత్రా వలిచి తొనలు నోటికి అందించేదాన్ని. నేను వలిస్తే తొక్క ముక్కలు ముక్కలుగా వచ్చేది. అది చూసి, "ఏందక్కా, నీ చేతికేమైంది?" అని ఏడిపించేది. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి పోయేవారు. "ఆయన నా చెయ్యి పట్టుకొని ప్రార్థన చేసినంత సేపు వణుకు ఆగుతదక్కా. ఆయన పట్టుకున్నడు గద మరి," అంది ఒకసారి. నేను మంచినీళ్ల కోసం లేచాను.

క్రమంగా వేలు లేవడం మానేసింది. వేలు లేవకపోయేసరికి మాట కూడా తగ్గింది. రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, అవి తమ పని తాము చేసుకుంటుంటే చూస్తూ కూర్చునేది. వేరేవాళ్ల పిల్లలను చూసినట్టు చూసేది.

ఆఖరుసారి పోయినప్పుడు పాత ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టించమంది. తెర మీద అదే గీత, పసుపు రంగు. కాని ఒళ్లంతా అలలు, ఒకదాని మీద ఒకటి, అసలు మెలిక ఎక్కడుందో తెలియనంతగా ఉన్నాయి.

"ఎవరు చేసిన్రే గిట్ల?"

"నేనే. కే ని రోజు రోజు జర జర పెంచుతున్న. నా వణుకు ఎంతకొచ్చిందో చూస్తున్న," అంది. మాట బాగా సన్నబడింది, వంగితే గాని వినబడలేదు. "అక్కా, గా కే ని జర సున్నాకు జరుపు. నా చెయ్యి పోనిస్తలేదు."

నాకా యంత్రం అలవాటు లేదు. గుండీ మీద వేలు పెడితే సున్నా దాటి అవతలికి పోయింది. వెనక్కి లాగితే ఇవతలికొచ్చింది. ఆమె ఓపిగ్గా చూసింది, పిల్లలతో ఎంత ఓపిగ్గా ఉండేదో అంత ఓపిగ్గా. చివరికి నిలిచింది. అలలన్నీ అణిగిపోయి గీత నున్నగా తేలింది.

"ఇప్పుడు ప్లే నొక్కు."

ఎర్ర చుక్క అడుగు నుంచి బయలుదేరింది. మెల్లగా తిరుగుతూ, ఎక్కడా తొణక్కుండా పైకెక్కింది. ఆమె చేతులు ఒడిలో కొట్టుకుంటూనే ఉన్నాయి. కళ్లు మాత్రం చుక్క మీంచి కదల్లేదు.

"గదే అక్కా," అంది. "గదే నా చెయ్యి."

చుక్క పైదాకా పోయి ఆగింది. ఆమె మాటే ఆమెను అడిగాను. పాయింట్ యాడుందే, అని.

"మళ్ల నొక్కక్కా," అంది. నొక్కాను.